‘నిర్ణయాలు ఐఏఎస్‌లవి, పిప్పెట్ ఆడపిల్లది’: ఈ ఫార్వర్డ్‌లో నిజమెంత?

ఇంటర్ ఫలితాలు వస్తే చాలు, విజయవాడ, గుంటూరు తల్లిదండ్రుల వాట్సాప్ గ్రూపుల్లో ఒక మెసేజ్ తిరుగుతుంది. బైపీసీ అమ్మాయికి నీట్‌లో సీటు రాకపోతే లైఫ్ సైన్సెస్ దండగట. జీవితాంతం ల్యాబ్‌లో పిప్పెట్ (ద్రవాలు కొలిచి పోసే గొట్టం) పట్టుకోవడమే, సైన్స్ విధానాలు రాసేది ఐఏఎస్‌లు, పెళ్లయితే ఆ ల్యాబ్ కూడా ఉండదు. ఇదీ సారాంశం.

ముందు ఐఏఎస్‌ల మాట. కేంద్ర బయోటెక్నాలజీ విభాగం (డీబీటీ) 1986లో ఏర్పడింది. దాని కార్యదర్శి పదవి ఆనవాయితీగా శాస్త్రవేత్తలది. వృక్షశాస్త్రవేత్త మంజు శర్మ 1990ల్లోనే ఆ కుర్చీలో ఉన్నారు. రేణు స్వరూప్ జెనెటిక్స్, ప్లాంట్ బ్రీడింగ్‌లో పీహెచ్‌డీ చేసి, ఇంగ్లండ్‌లోని జాన్ ఇన్నెస్ సెంటర్‌లో పోస్ట్‌డాక్ (పీహెచ్‌డీ తర్వాతి పరిశోధన) ముగించి, 1989లో డీబీటీలో సైన్స్ మేనేజర్‌గా చేరారు. బయోటెక్ స్టార్టప్‌లకు అండగా 2012లో డీబీటీ కింద ఏర్పడిన బైరాక్ సంస్థను నడిపారు. 2018 నుంచి 2021 వరకు కార్యదర్శి.

సైన్స్ మేనేజర్ అంటే ఫైళ్లు కదిపే ఉద్యోగం అనుకుంటారు. వచ్చిన ప్రతిపాదనను ఏ నిపుణులకు పంపాలి, అడిగిన పరికరం ఆ ప్రయోగానికి అవసరమా, అనుకున్న గడువులో ఫలితం వస్తుందా అన్నవి అక్కడ తేల్చాలి. కొత్త ఆలోచనలకు బైరాక్ ఇచ్చే ‘బిగ్’ గ్రాంట్ 18 నెలలకు గరిష్ఠంగా 50 లక్షలు. మైలురాళ్లు దాటితేనే తర్వాతి విడత. ల్యాబ్ బెంచ్ మీద పనిచేసి చెయ్యి కాల్చుకున్నవాళ్లకే ఆ గడువు నిజమైనదో కాదో తెలుస్తుంది. 2020 నవంబరులో ప్రకటించిన 900 కోట్ల కోవిడ్ సురక్షా మిషన్ (కోవిడ్ టీకాల అభివృద్ధి కార్యక్రమం) బాధ్యత కూడా డీబీటీదే, అప్పుడు కార్యదర్శి రేణు స్వరూపే.

ఇక ల్యాబ్ దాటలేరన్న మాట. శాస్త్రవేత్త గగన్‌దీప్ కాంగ్ వెల్లూరులో, పసిపిల్లలకు విరేచనాలు తెచ్చే రోటా వైరస్ మీద పనిచేశారు. ఆ వైరస్‌కు టీకా అయిన రోటావాక్ మూడో దశ పరీక్షలో ఢిల్లీ, పుణె, వెల్లూరుల్లో 6,799 మంది పసిపిల్లలు పాల్గొన్నారు. 2016లో ఆ టీకా మొదలైన తొలి నాలుగు రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ ఒకటి. ఈ మెసేజ్ పంపేవాళ్ల మనవళ్లకు 6, 10, 14 వారాలకు వేసే రోటా చుక్కల వెనక ఇలాంటి పనే ఉంది.

పెళ్లి సంగతికి యూజీసీ 2022 నిబంధనలే జవాబు: పీహెచ్‌డీ మహిళలకు గడువులో అదనంగా రెండేళ్లు, ప్రసూతి, శిశు సంరక్షణకు 240 రోజుల వరకు సెలవు. విరామం తర్వాత తిరిగి రావడానికి కేంద్రం మహిళా శాస్త్రవేత్తల పథకాలు నడుపుతోంది. ఇక్కడ చాలా దరఖాస్తులు పాత థీసిస్ అంశాన్నే మళ్లీ రాయడం వల్ల దెబ్బతింటాయి. చేరబోయే సంస్థలో ఏ పరికరాలున్నాయో చూసి, అంశాన్ని దానికి తగ్గట్టు మార్చుకోవాలి.

మెసేజ్ వెనకున్న భయంలో ఒక్క నిజం ఉంది: కాంట్రాక్టు ప్రాజెక్టు పోస్టులు ఎక్కువ, ఫెలోషిప్ డబ్బు ఆలస్యమవుతుంది. ఇచ్చిన డబ్బు ఎలా ఖర్చయిందో చూపుతూ ఏటా పంపాల్సిన వినియోగ ధ్రువపత్రం విశ్వవిద్యాలయ ఆఫీసులో ఆగితే అటునుంచి నిధి రాదు. కాబట్టి గైడ్‌ను ఎంచుకునేముందు ఆ ల్యాబ్ సీనియర్లను ఈ విషయం అడగాలి.

ఇక ఈ దారిలోకి ఎలా రావాలంటే, ఎమ్మెస్సీ తర్వాత సీఎస్‌ఐఆర్ నెట్ అనే జాతీయ పరీక్షలో జేఆర్‌ఎఫ్ (పరిశోధన ఫెలోషిప్) వస్తే మొదటి రెండేళ్లు నెలకు 37,000, తర్వాత 42,000, ఇంటి అద్దె వేరు. లైఫ్ సైన్సెస్ పేపర్లో సగం మార్కులు పార్ట్ సీవి: 75 ప్రశ్నల్లో 25 రాయాలి, ఒక్కోటి 4 మార్కులు, తప్పుకు ఒక మార్కు కోత. బట్టీ నోట్సు పార్ట్ బీ వరకే పనికొస్తుంది. సీలో గ్రాఫు, జెల్ ఫొటో ఇచ్చి ప్రయోగం ఏం చెబుతోందో అడుగుతారు.