మేనమామ కిడ్నీ, పాత ఫొటో

మన పెళ్లిళ్లలో పెళ్లికూతుర్ని బుట్టలో కూర్చోబెట్టి మండపానికి మోసుకొచ్చేది మేనమామ. అదే మేనమామ రేపు మేనకోడలికి కిడ్నీ ఇస్తానంటే, 1994 నాటి అవయవ మార్పిడి చట్టం కళ్లజోడు సవరించుకుని "మీరెవరండీ?" అంటుంది. చట్టానికి దగ్గరి బంధువులంటే భార్యాభర్తలు, తల్లిదండ్రులు, పిల్లలు, తోబుట్టువులు. 2011 సవరణ పుణ్యమా అని తాతలు, అమ్మమ్మలు, నాయనమ్మలు, మనవలు కూడా లోపలికొచ్చారు. మేనమామ, బావమరిది, తోడల్లుడు ఇంకా గుమ్మం బయటే.

బయటివాళ్లు 'ప్రేమాభిమానాల'తో ఇవ్వొచ్చు. ఆ మాట చట్టంలోదే, నా కల్పన కాదు. ఆ ప్రేమ అసలుదో నకిలీదో తేల్చడానికి ఒక కమిటీ. ఇద్దరూ కలిసి దిగిన పాత ఫొటోలు చూడాలి, మూడేళ్ల ఆదాయం లెక్కలు అడగాలి, ఇద్దరి స్థోమతలో మరీ తేడా ఉంటే అనుమానించాలి. సబబే. కూలివాడికి షావుకారు మీద అంత అభిమానం ఎందుకు పుడుతుంది? షావుకారుకు కూలివాడి మీద పుడితే ఇంకా అనుమానించాలి గానీ, అలాంటి ఫైలు కమిటీకి పెద్దగా టెన్షన్ పెట్టదు లెండి. నిన్న దిగిన సెల్ఫీలతో పని జరగదు. పెళ్లి ఆల్బమ్‌లో భోజనాల బంతి ఫొటో ఉంటే జాగ్రత్తగా దాచుకోండి.

ఇరాన్‌కు ఇంత ఓపిక లేదు. అక్కడ కిడ్నీ ఇచ్చినవాడికి డబ్బు ముట్టడం చట్టబద్ధం. సింగపూర్‌ది అపార్ట్‌మెంట్ లెక్క: పోయాక నా అవయవాలు తీయొద్దని రాసిచ్చినవాడు, తనకు అవసరమొస్తే క్యూలో వెనక్కి వెళ్తాడు. మెయింటెనెన్స్ కట్టనివాడికి లిఫ్ట్ ఎందుకు? స్పెయిన్ 1979లోనే, వద్దనకపోతే ఒప్పుకున్నట్టే అని చట్టం చేసింది. చేసి, ఇప్పటికీ ఇంట్లోవాళ్లను అడక్కుండా ముట్టుకోదు. ఈ పద్ధతి మాత్రం మనకు ఎవరూ విడమరిచి చెప్పక్కర్లేదు.

భార్య ఇస్తే మామూలుగా కమిటీ గొడవ లేదు, ఆసుపత్రిలోనే తేలిపోతుంది. పెళ్లి రుజువుంటే ప్రేమ ఉన్నట్టే. దేశంలో బతికుండగా అవయవం ఇచ్చేవాళ్లలో ఆడవాళ్లే ఎక్కువ, పుచ్చుకునేవాళ్లలో మగవాళ్లే ఎక్కువ. నిబంధనలకు ఈ సంగతి తెలియకపోలేదు. ఇచ్చేది ఆడమనిషైతే ఎక్కువ జాగ్రత్త పడాలని, ఆమె ఇష్టపడే ఇస్తోందని పుచ్చుకునేవాడు కాక వేరేవాళ్లు ధ్రువీకరించాలని రాశారు. ఆ వేరేవాళ్లు అత్తగారు కాకూడదని మాత్రం రాయలేదు.