రెండో రోజు పొద్దున్న

మన ప్రవాస తెలుగు సంఘంలో ప్రతి శీతాకాలం ఒక బ్యాచ్ తయారవుతుంది. వచ్చే మే నెలలో స్కాట్లండ్ వెళ్ళి వెస్ట్ హైలాండ్ వే నడుస్తామంటారు. గ్లాస్గో పక్కన మిల్‌గాయ్ నుంచి ఫోర్ట్ విలియం దాకా 154 కిలోమీటర్లు, దాదాపు వారం రోజుల నడక. పేర్లిచ్చిన మర్నాటి నుంచి జిమ్‌లో ట్రెడ్‌మిల్, చేతి గడియారంలో పదివేల అడుగుల లెక్క మొదలవుతాయి. ఈలోగా డిసెంబర్ సెలవులొస్తాయి. ఊరెళ్ళి పెళ్ళిళ్ళు, అరిసెలు చూసుకుని తిరిగొచ్చాక "ట్రెయినింగ్ అంతా పాడైపోయింది" అని వాపోతారు.

ఊరెళ్తే ట్రెయినింగ్ పాడవడం ఏమిటో నాకు బోధపడదు. కనీసం మా పర్లాకిమిడి వైపు వాళ్ళకి అసలు ట్రెయినింగ్ దొరికేది అక్కడే.

మాది ఒడిశాలో గజపతి జిల్లా. 1936లో ఒడిశా రాష్ట్రం ఏర్పడినప్పుడు ఊరు అటు వెళ్ళింది, ఇళ్ళల్లో తెలుగు ఉండిపోయింది. ఊరి పక్కన మహేంద్రతనయ పారుతుంది, ఎటు తిరిగినా కొండలే. జిల్లాలోని మహేంద్రగిరి ఎత్తు 1501 మీటర్లు. బ్రిటన్ మొత్తానికీ ఎత్తైన బెన్ నెవిస్ 1345 మీటర్లే. ఈ మాట చెప్పగానే మా వాళ్ళకి ఎక్కడలేని గర్వం వస్తుంది కాబట్టి రెండో మాట కూడా వెంటనే చెప్పేయాలి. వెస్ట్ హైలాండ్ వే మొత్తంలో అన్నిటికన్నా ఎత్తైన చోటు, డెవిల్స్ స్టెయిర్‌కేస్ పైన, దాదాపు 550 మీటర్లు. అంటే మన కొండలో సగం కూడా లేదు. అయినా ఆ దారిలో మధ్యలోనే బస్సెక్కి వెళ్ళిపోయేవాళ్ళు ఉంటారు. ఎత్తు వాళ్ళనేం చేయలేదు. రెండో రోజో మూడో రోజో పొద్దున్న మంచం దిగి కాలు కింద పెట్టలేకపోయారు, అంతే.

నడక మనకేమీ కొత్త కాదు. అలిపిరి నుంచి 3,550 మెట్లు ఎక్కేస్తాం. ఆషాఢ పౌర్ణమికి సింహాచలం గిరి ప్రదక్షిణ 32 కిలోమీటర్లు, చెప్పులు కూడా లేకుండా రాత్రంతా నడిచేవాళ్ళు మన ఇళ్ళల్లోనే ఉన్నారు. అయితే అవన్నీ ఒక్క ఊపులో అయిపోయే నడకలు. దర్శనం అయ్యాక రెండు రోజులు కాళ్ళు బారచాపుకుని పడుకున్నా ఎవరూ ఏమీ అనరు, పైగా ఇంట్లో వాళ్ళే కొబ్బరినూనె రాస్తారు. పొడుగు దారిలో ఆ వెసులుబాటు లేదు. నిన్న ఎంత నడిచారో ఇవాళా అంతే నడవాలి, అదే బరువుతో, తడి ఆరని అదే షూతో.

అందుకే ట్రెయినింగ్‌కి వచ్చేవాళ్ళకి నేను చెప్పేది ఒకటే. సెలవుల్లో ఒక రోజు మహేంద్రగిరి ఎక్కి, ఫొటో పెట్టి, వారం పడుకోవద్దు. ఊరికి దగ్గర్లో ఉన్న చిన్న కొండలే శనివారం ఎక్కి దిగండి, ఆదివారం మళ్ళీ ఎక్కి దిగండి. రెండో రోజు సగం దూరమే అయినా పరవాలేదు, మానకండి.

చెప్పినంత తేలిక కాదిది. మొదటిరోజు అందరూ హుషారుగానే వస్తారు. రెండో రోజు పొద్దున్న ఐదింటికి ఒక్కడూ ఫోనెత్తడు. ఎత్తినవాడు "మావా, మా అత్తోరింటికెళ్ళాల" అంటాడు. మా పిన్నిదింకో గొడవ. "నిన్న ఎక్కేసినారు కదా, మళ్ళీ ఏటిరా? ఏదైనా మొక్కా?" అనడిగింది. మొక్కు అంటే ఆవిడకి వెంటనే అర్థమయ్యేది. మొక్కూ లేదు, పనీ లేదు, విమానమెక్కి వెళ్ళి పరాయి దేశంలో నడవడానికి ఇది ట్రెయినింగ్ అంటే, "నడవడానికి కూడా ట్రెయినింగేటి" అని వంటింట్లోకి వెళ్ళిపోయింది. ఆవిడ మాటలో పాయింట్ లేకపోలేదు.

ఎందుకంటే నడక నేర్పేవాళ్ళు అక్కడే ఉన్నారు. సంత రోజు పొద్దున్నే సవర గిరిజనుల ఊళ్ళ నుంచి దిగివచ్చే కాలిబాట పక్కన కాసేపు నిలబడి చూడండి. కావిడి రెండు వైపులా గంపలు, వాటి నిండా అనాసపళ్ళో పసుపో. మోసేవాడి అడుగులు పొట్టిగా, చకచకా పడుతుంటాయి. మోకాలు ఎప్పుడూ పూర్తిగా చాచడు. మడమ నేలకి గుద్దుకోదు, పాదమంతా ఒకేసారి ఆనుతుంది. కావిడి బద్ద ఎలా ఊగుతుంటే అడుగు అలా పడుతుంది. రాళ్ళ దగ్గర ఆగకుండానే కావిడిని ఈ భుజం మీంచి ఆ భుజం మీదికి మార్చేస్తాడు. వెనకాలే మనవాడు వేల రూపాయల బూట్లేసుకుని, కాళ్ళు కర్రల్లా చాచి, మడమలు గుద్దుకుంటూ దిగుతుంటాడు. ప్రతి అడుగుకీ కాలివేళ్ళు షూ ముందుభాగానికి కొట్టుకుంటాయి. సాయంత్రానికి బొటనవేలి గోరు నల్లబడుతుంది.

ఎక్కేటప్పుడు ఆయాసం వస్తుంది కాబట్టి అదే కష్టం అనుకుంటాం. కాళ్ళని పాడుచేసేది దిగుడు. ఎక్కేటప్పుడు తొడ ముందు కండరం ముడుచుకుంటూ పనిచేస్తుంది. దిగేటప్పుడు అదే కండరం సాగుతూ, ఒంటి బరువుకి బ్రేకు వేస్తూ ఉండాలి. ఆ పనిలోనే కండరం లోపల సన్నటి దెబ్బలు తగులుతాయి. నొప్పి అప్పటికప్పుడు తెలియదు, మర్నాడు మొదలై ఆ మర్నాటికి ముదురుతుంది. మెట్లు దిగాలంటే గోడ పట్టుకోవాల్సి వస్తుంది. ఇందులో మనకి కలిసొచ్చేది ఏమిటంటే, ఒకసారి ఈ దెబ్బ తిన్న కండరం తర్వాత కొన్ని వారాలపాటు అదే పనికి అంతగా నొప్పి పెట్టదు. అంటే బయల్దేరే ముందు నెలల్లో దిగుడు బాగా అలవాటైతే, అక్కడ రెండో రోజు పొద్దున్న లేచి నడవగలుగుతారు. ట్రెడ్‌మిల్‌లో ఎత్తు ఎంతైనా పెంచుకోవచ్చు. దిగుడు ఉన్న మిషన్ మాత్రం మామూలు జిమ్‌లలో దొరకడం కష్టం.

సామాను సంగతి రెండు ముక్కల్లో చెప్తాను. అక్కడ ఎంత బరువు మోస్తారో ఇక్కడా సంచిలో అంతే వేసుకోండి, నీళ్ళ సీసాలైనా సరే. గోళ్ళు ముందురోజే కత్తిరించుకోండి, దిగేముందు మడమ కదలకుండా లేసు బిగించండి. తిండికి చోడి (రాగి) అంబలి, ఉప్పు, వేయించిన పల్లీలు చాలు. ఆ రంగు రంగుల జెల్ పొట్లాల మీద నాకు నమ్మకం లేదు.

తోడు నడిచే స్నేహితుల విషయం ఇంకాస్త చెప్పాలి. స్కాట్లండ్‌కే చెందిన పర్వతారోహకుడు నైస్మిత్ కొండదారి నడకకి ఎంతసేపు పడుతుందో 1892లో ఒక లెక్క చెప్పాడు. ఇప్పటి కొలతల్లో గంటకి ఐదు కిలోమీటర్లు, ప్రతి 600 మీటర్ల ఎక్కుడికి ఇంకో గంట. ఆ లెక్కన 20 కిలోమీటర్లు నడిచి 600 మీటర్లు ఎక్కితే ఐదు గంటలు పట్టాలి. మా బ్యాచ్‌కి పొద్దు వాలిపోతుంది. మోకాలు నొప్పివాడు ఒకడు, ప్రతి గెడ్డ (వాగు) దగ్గరా మొహం కడుక్కునేవాడు ఒకడు, టీ దొరికే ఊరు దాటి కదలనివాడు ఒకడు. నెమ్మదిగా నడిచేవాణ్ణి ముందు పెట్టి మిగతావాళ్ళు వెనక నడవాలని నేనంటాను. గట్టిగా నడిచేవాళ్ళకి ఒళ్ళు మండుతుంది. కానీ వారం రోజులు కలిసి నడిచేటప్పుడు బ్యాచ్ విడిపోయేది ఇక్కడే. ఆ చిరాకు కూడా ఇంటి దగ్గరే పడి ఉంటే మంచిది.

జయపురం, కోరాపుట్ మిత్రులు "మా దేవమాలి కొండ ఇంకా ఎత్తు" అని పోటీకొస్తారు. నిజమే, 1672 మీటర్లు, ఒడిశాలో అదే ఎత్తైనది. కాకపోతే బండి దాదాపు పైదాకా వెళ్ళిపోతుంది, వీళ్ళూ బండి మీదే వెళ్ళొస్తారు.

ఒక విషయంలో మాత్రం నాకు మనవాళ్ళ మీద కోపముంది. ఈ కొండలు మన జిమ్ కాదు. శివరాత్రికి అటు శ్రీకాకుళం జిల్లా మందస వైపు నుంచి, ఇటు నుంచి జనం మహేంద్రగిరి ఎక్కుతారు. ఆ మర్నాడు దారి పొడుగునా నీళ్ళ సీసాలు, ప్లాస్టిక్ ప్లేట్లు. అడ్డాకు విస్తళ్ళు కుట్టే ఊళ్ళ మధ్య నుంచి వెళ్తూ ప్లాస్టిక్ ప్లేట్లు పట్టుకెళ్ళడం మనకే చెల్లింది. మహేంద్రగిరిని 2022లో జీవవైవిధ్య వారసత్వ ప్రదేశంగా ప్రకటించారు. ప్రకటన వల్ల చెత్త తనంతట తాను దిగిరాదు. పోడు చేలకి అడ్డంపడి నడవకండి, నీళ్ళ దగ్గరున్న ఆడవాళ్ళ ఫొటోలు తీయకండి, ఎవరింట్లోనైనా తింటే డబ్బులివ్వండి. అడవిలోకి వెళ్ళేముందు అటవీశాఖ వాళ్ళనీ ఊళ్ళో పెద్దవాళ్ళనీ అడగండి. లఖారీ లోయ వైపు ఏనుగులున్నాయి, అవి నైస్మిత్ లెక్క చూసి తిరగవు.

రాత్రి కొండ మీది ఊళ్ళో పడుకుంటే దోమతెర తప్పనిసరి. పర్లాకిమిడిలో పంతులుగా ఉన్న గిడుగు రామమూర్తి గారు సవర భాష నేర్చుకుంటూ ఈ కొండల్లో తిరిగినప్పుడు మలేరియా పట్టింది, దానికి వాడిన క్వినైన్‌తో చెవుడు వచ్చింది. మందులు మారాయి గానీ ఈ కొండల్లో మలేరియా ఇంకా ఉంది.

మా కొండలు నేర్పలేనిది ఒకటుంది, చలివాన. సంక్రాంతి రోజుల్లో ఇక్కడ చినుకు పడదు. వానాకాలంలో వద్దామంటే గెడ్డలు ఎప్పుడు పొంగుతాయో తెలియదు, ఆ సాహసం వద్దు. కాబట్టి సెలవుల నుంచి తిరిగొచ్చాక, ఫిబ్రవరిలో మీరుండే ఊళ్ళోనే, వాన పడే శనివారం చూసుకుని, రెయిన్ కోటు వేసుకుని రోజంతా నడవండి. ఆదివారం కూడా.