కొలువులో పునుగుల బండి ఏది?

భోగి నాడు బొమ్మల కొలువు తీర్చే ఇళ్లు బెజవాడ, గుంటూరుల్లో ఇప్పటికీ ఉన్నాయి. పై మెట్టు దేవుళ్లది, కింది మెట్లు ఊరివి. తాటిచెట్టెక్కే గీత కార్మికుడు, రోట్లో వడ్లు దంచే ఆడవాళ్లు, సన్నాయి ఊదుతూ గంగిరెద్దును ఆడించేవాడు, పప్పులూ బియ్యం ముందేసుకుని కూర్చున్న శెట్టిగారు, పక్కన ఆయన భార్య. పేరంటానికి వచ్చిన పిల్లలు మోకాళ్ల మీద కూర్చుని చూసేది ఈ కింది మెట్లనే. వాళ్ల ఎత్తుకు అవే అందుతాయి మరి.

ఇందులో కొండపల్లి బొమ్మ తెల్ల పొణికి కర్రది. కాళ్లూ చేతులూ విడిగా చెక్కి, చింతగింజల పిండిలో రంపపు పొట్టు కలిపిన మక్కుతో అతికి, సుద్ద పూసి రంగులేస్తారు. మట్టి బొమ్మ అచ్చులో పుడుతుంది. ముందు సగం, వెనక సగం విడివిడిగా తీసి అతికి, నీడన ఆరబెట్టి, కాల్చి, ఆపైన రంగు. పాత మట్టి బొమ్మ దొరికితే తిరగేసి చూడండి. డొల్లలో మట్టి అదిమిన బొటనవేలి గుర్తులు కనిపిస్తాయి. చవక బొమ్మలకైతే వీపున రంగే ఉండదు. మెట్టు మీద నిలబడ్డవాడి వీపు ఎవరు చూడొచ్చారు!

కొండపల్లికి, ఆ పేరు ఆ ఊరి సరుకుకే చెందుతుందని చెప్పే భౌగోళిక గుర్తింపు (జీఐ) ఉంది. 2020 ఆగస్టులో ప్రధాని రేడియో ప్రసంగంలో దాని పేరూ వినబడింది. మట్టి బొమ్మను పలకరించేవాళ్లు తక్కువ. కాల్చే పనిలేకుండా చిటికెలో గట్టిపడే ప్లాస్టర్ ఆఫ్ పారిస్‌తో అది ధరలో పోటీ పడలేకపోతోంది.

మా ఫిర్యాదు వేరే ఉంది. ఆనాటి కళాకారుడు తన వీధిలో తిరిగే మనిషినే బొమ్మగా చేశాడు. ఈనాటి వీధి మాత్రం కొలువులోకి రాలేదు. గుంటూరులో మిర్చి తొడిమలు తీసే ఆడవాళ్లేరీ? సాయంత్రమయ్యేసరికి బెజవాడ సందు మొగలో వెలిసే పునుగుల బండి ఏది? ఆటో స్టాండేది? రోలు చూపించి ‘ఇదేంటి అమ్మమ్మా’ అని అడిగే పిల్ల, పునుగుల బండిని చూస్తే ఏమీ అడగకుండానే నవ్వుతుంది.

చేసేవాళ్లకు తెలియక కాదు. కొత్త బొమ్మంటే ముందు నమూనా మలచాలి, దాన్నుంచి అచ్చు తీయాలి. సరుకు అమ్ముడుపోకపోతే ఆ నష్టమంతా ఆ ఇంటిదే. అందుకే నిరుడు అమ్ముడైనదాన్నే ఈ ఏడూ చేస్తారు. ప్రభుత్వ సభల్లో శాలువాతో పాటు చేతిలో పెట్టేదీ ఎప్పుడూ ఆ అంబారీ ఏనుగో, దశావతారాలో.

శిక్షణ శిబిరాలు, ప్రదర్శనలు తర్వాత చూసుకోవచ్చు. ప్రతి కొత్త అచ్చుకూ తొలి వంద బొమ్మలు కొంటామని ప్రభుత్వం ముందే రాసివ్వాలి, సగం సొమ్ము అప్పుడే చేతిలో పెట్టాలి. ప్రభుత్వం హస్తకళలు అమ్మే లేపాక్షి దుకాణాల్లో వాటికో అర కేటాయించాలి. ఈ ఆర్డర్లు ఎండాకాలంలోనే వెళ్లాలి. సంక్రాంతికి నెల ముందు ఫైలు కదిలితే, ఆ మంచులో మట్టి ఆరదు.