ఒకటో తరగతే కదా అంటే ఎలా?

పెళ్లి, జాతర, అమ్మమ్మ ఊరు, కాస్త జలుబు. ఒకటో తరగతి పిల్లల్ని బడి మాన్పించడానికి మన ఇళ్లలో పెద్ద కారణం అక్కర్లేదు. "చిన్న తరగతే కదా, ఏం పోతుంది?" అంటాం. పదో తరగతి బిడ్డను మాత్రం పరీక్షల ముందు ఒక్క పూట ఇంట్లో ఉంచడానికి మనసొప్పదు. ఈ లెక్క తలకిందులుగా ఉంది.

తెలుగు చదవడం ఎలా వస్తుందో గుర్తు చేసుకోండి. అక్షరాలు, ఆపై గుణింతాలు, ఆపై ఒత్తులు. గుణింతాలు చెప్పిన రెండు వారాలు బడికి రాని పాపకు 'క' తెలుసు, 'కి'కీ 'కీ'కీ తేడా తెలియదు. తిరిగి వచ్చేసరికి టీచరమ్మ నల్లబల్ల మీద 'అక్క', 'పువ్వు', 'చెట్టు' రాస్తుంటారు. ఇంట్లో రోజూ పలికే మాటలే, అయినా చదవలేదు. పక్కవాళ్లతో గొంతు కలుపుతుంది కాబట్టి చదివినట్టే కనిపిస్తుంది. మూడో తరగతిలో లెక్కల పుస్తకంలోని ప్రశ్న అర్థం కానప్పుడు గానీ ఆ లోటు బయటపడదు. అప్పటికి పాత గైర్హాజరు ఎవరికీ గుర్తుండదు. పిల్లకు చదువు అబ్బలేదని తేల్చేస్తారు. ఎంత అన్యాయం!

విద్యాహక్కు చట్టం ఒకటి నుంచి ఐదు తరగతులకు ఏడాదికి కనీసం 200 పనిదినాలు ఉండాలంటుంది. ఆంధ్రప్రదేశ్‌లో 2020లో మొదలైన, పిల్లల్ని బడికి పంపే తల్లులకు డబ్బు సాయం చేసిన అమ్మ ఒడి పథకానికి 75 శాతం హాజరు నిబంధన పెట్టారు. అంటే 200 రోజుల్లో 50 రోజులు పోయినా అర్హత పోయేది కాదు. జ్వరాలూ వానలూ ఉన్న చోట ఆ వెసులుబాటు అవసరమే. కానీ ఆ 50 రోజులూ గుణింతాల వేళే పోతే? హాజరుపట్టీ రోజులను లెక్కపెడుతుంది, పోయిన పాఠాలను కాదు.

వలస కుటుంబాల సంగతి వేరు. ఆదోని, కోసిగి వైపు నుంచి మిరప కోతలకు గుంటూరు ప్రాంతానికి వెళ్లే తల్లిదండ్రులు పిల్లల్ని ఎవరి దగ్గర వదలాలి? సీజనల్ హాస్టళ్లు ఉన్నా, ఆరేళ్ల బిడ్డను నెలల తరబడి విడిచి వెళ్లమని ఏ తల్లికి చెప్పగలం? వాళ్లను తప్పుపట్టే హక్కు నాకు లేదు. ఆ పిల్లలు తిరిగొచ్చిన రోజున తరగతి ఎక్కడుందో అక్కడ కూర్చోబెట్టకుండా, వాళ్లు ఎక్కడ ఆగారో అక్కడి నుంచి రోజూ ఒక అరగంట విడిగా చెప్పాలి. దానికి టీచరు ఉండాలి, సమయం ఉండాలి. ఒకే ఉపాధ్యాయుడు ఐదు తరగతులూ చూసే బడిలో ఆ అరగంట ఎక్కడి నుంచి వస్తుందో ప్రభుత్వమే చెప్పాలి.