తొమ్మిది సంతకాలున్నా తాళాలు ఒకరి దగ్గరే
ఒక బ్లాక్‌చెయిన్ నుంచి ఇంకో బ్లాక్‌చెయిన్‌కి క్రిప్టో డబ్బు పంపే బ్రిడ్జిలో, లావాదేవీలను సరిచూసి సంతకం చేసే వాలిడేటర్లు ఎంత ఎక్కువుంటే అది అంత భద్రం అని ఒక వ్యాసంలో రాశారు. అది సగమే నిజం. 2022 మార్చిలో, యాక్సీ ఇన్ఫినిటీ అనే ఆన్‌లైన్ ఆట వాడే రోనిన్ బ్రిడ్జికి ఏం జరిగిందో చూడండి. వాలిడేటర్లు 9, డబ్బు బయటికి వెళ్లడానికి 5 సంతకాలు చాలు. అందులో 4 కీలు (సంతకం చేసే రహస్య తాళాలు) ఆ ఆటను తయారుచేసిన స్కై మావిస్ అనే ఒక్క కంపెనీవే. ఐదోది యాక్సీ డావోది, అంటే ఆ ఆట సభ్యుల ఉమ్మడి సంస్థది. 2021 నవంబరులో రద్దీ ఎక్కువై, దాని తరఫున సంతకం చేసే అనుమతి ఆ కంపెనీకే ఇచ్చారు. డిసెంబరుకల్లా ఆ ఏర్పాటు ఆపేశారు గానీ అనుమతి తీసేయలేదు. ఒక్క చోట చొరబడితే 1,73,600 ఈథర్ (ఈథీరియం అనే బ్లాక్‌చెయిన్ నాణెం), 2.55 కోట్ల యూఎస్‌డీసీ (డాలరుతో ముడిపడ్డ నాణెం) పోయాయి. అన్నిటికన్నా దారుణం, ఆరు రోజులు ఎవరూ గమనించలేదు. ఒకరు 5,000 ఈథర్ విత్‌డ్రా చేయబోతే రాలేదు, అప్పుడు బయటపడింది.

ఈథీరియం మీద అదనంగా కట్టిన లేయర్-టూ నెట్‌వర్క్‌ల సంగతీ ఇంతే. వాటిలో ఒక రకమైన ఆప్టిమిస్టిక్ రోలప్‌లో (ఎవరూ సవాలు చేయకపోతే లెక్క సరైనదే అనుకునేది) తప్పుడు లెక్కను సవాలు చేయడానికి సాధారణంగా 7 రోజుల గడువుంటుంది. కానీ డబ్బును పట్టి ఉంచే కాంట్రాక్టును (ప్రోగ్రామును) మార్చే అప్‌గ్రేడ్ కీ కొద్దిమంది దగ్గరుండి, మార్పు అప్పటికప్పుడే అమలయ్యేటట్టయితే ఆ 7 రోజులు ఎవరినీ కాపాడవు. లావాదేవీలను వరుసలో పెట్టే సీక్వెన్సర్ ఆగిపోయినా ఈథీరియం మీదినుంచే నేరుగా డబ్బు తీసుకునే దారి ఉందా అన్నది కూడా, డబ్బు పంపకముందే చూసుకోండి.