ఆగేదే లేని యోగా

మా బావమరిది ఆరు నెలలుగా యోగా చేస్తున్నాడు. చేస్తే చేశాడు, చేయనివాళ్ళ వైపు వాడు చూసే జాలి చూపే భరించలేం. "నీ నడుం నొప్పికి అష్టాంగ విన్యాసమే మందు బావా! మైసూరు పట్టాభి జోయిస్ గారి పద్ధతి. ఒక ఆసనంలోంచి ఇంకో ఆసనంలోకి పోతూనే ఉంటాం, ఆగేదే లేదు" అన్నాడు. ఆగేదే లేదన్న ఆ మాట దగ్గరే నేను ఆగిపోయాను.

యోగా నాకు మరీ కొత్తేం కాదు. 2025 జూన్ 21న, యోగా దినోత్సవం నాడు, విశాఖ ఆర్కే బీచ్ నుంచి భోగాపురం దాకా జనం బారులు తీరినప్పుడు నేనూ చాప పరిచినవాణ్ణే. లక్షల మందిలో నా మోకాలు వంగిందో లేదో చూడొచ్చిందెవరు?

ఎంవీపీ కాలనీలో మా ఇంటి దగ్గర ఒకటే హాలు, పొద్దున రెండు బ్యాచ్‌లు. ముందు యిన్ యోగా, తర్వాత అష్టాంగ. యిన్ అంటే ఏంటమ్మా అని అడిగితే, ఒక్కో ఆసనంలో మూడు నుంచి ఐదు నిమిషాలు కదలకుండా ఉండటమే అంది టీచరమ్మ. కదలకుండా కూర్చోవడంలో నాకు ముప్పై ఏళ్ళ సర్వీసుంది, గవర్నమెంటు ఆఫీసులో. వెంటనే పేరు రాయించేశాను.

మర్నాడు అరికాళ్ళు రెండూ కలిపి, ముందుకు వాలి, అలా ఉండిపొమ్మన్నారు. మొదటి నిమిషం బాగానే ఉంది. రెండో నిమిషానికి, విశాఖలో గోదావరి ఎక్స్‌ప్రెస్ ఎక్కినవాడు అనకాపల్లి, తుని దాటి రాజమండ్రి చేరిపోయుంటాడనిపించింది. తలెత్తి గడియారం చూస్తే ముల్లు ఇంకా ప్లాట్‌ఫారం మీదే ఉంది. తొడల్లో ఏవేవో నరాలు తమ ఉనికి చాటుకుంటున్నాయి. "స్థిరసుఖమాసనం అన్నారు పతంజలి" అని టీచరమ్మ మెల్లగా చెబుతోంది. స్థిరం నాతోనే ఉంది. సుఖం దువ్వాడలోనే దిగిపోయింది.

ఇలాంటివి ఇంకో అరడజను అయ్యాక శవాసనం వేయమన్నారు. అబ్బ! నెత్తిన ఫ్యాను, కిటికీలోంచి సముద్రపు గాలి. ఇందాకటి నుంచి ఈ ఒక్కటీ వేయించి ఉంటే సరిపోయేది కదా అనుకోవడం వరకు గుర్తుంది.

దబ్బుమని చప్పుడైతే మెలకువొచ్చింది. భూకంపమేమోనని కళ్ళు తెరిచాను. చుట్టూ కాళ్ళే. ఎదురుగా రెండు కాళ్ళ మధ్యలోంచి తలకిందులుగా ఒక మొహం.

"బావా! మా బ్యాచ్‌లోకి వచ్చేశావా?"

మా బావమరిదే. పెద్దాయన హాయిగా పడుకున్నారు, లేపొద్దని టీచరమ్మ చెప్పి వెళ్ళిందట. ఆవిడ దయ నా కొంప ముంచింది. గుమ్మం చూస్తే ఇరవై మంది అవతల ఉంది. నిద్రపోయానని ఒప్పుకోవడానికి మనసొప్పక "వార్మప్ చేస్తున్నానురా" అంటూ లేచి నిలబడ్డాను.

వాళ్ళప్పుడే సూర్య నమస్కారాలు మొదలెట్టారు. ఎ రకం ఐదు, బి రకం ఐదు. వాళ్ళు పీలిస్తే నేను వదులుతున్నాను, వాళ్ళు వంగితే నేను లేస్తున్నాను. విశాఖ ఉక్కపోత సంగతి తెలిసిందేగా, ఊరికే నిలబడ్డా చొక్కా తడిసిపోతుంది. మూడో నమస్కారానికి నా చాప మీద చిన్న చెరువు తయారైంది. అధోముఖ శ్వానాసనంలో, అంటే చేతులూ కాళ్ళూ నేలకానించి నడుం పైకెత్తి, ఐదు శ్వాసలుండాలి. నాలుగో శ్వాసలో నా చేతులు రెండూ నాకు చెప్పకుండా ముందుకు బయల్దేరాయి. వాటి వెనకే నేను. నా తల వెళ్ళి మా వాడి మడమలకు తగిలింది, వాడు వెళ్ళి ముందున్న బ్యాంకు మేనేజరు గారి మీద పడ్డాడు, ఆయన గోడ దగ్గరున్న నీళ్ళ సీసాలన్నిటినీ పడగొట్టాడు.

ఆగేదే లేదన్న అష్టాంగ మొత్తం ఆగింది.

ఎవరికీ దెబ్బలు తగల్లేదు, మా వాడి పరువుకి తప్ప. క్షమాపణలు చెప్పుకుంటూ బయటపడుతుంటే కౌంటర్ దగ్గరమ్మాయి రిజిస్టరు తెరిచి, "ఇవాళ రెండు బ్యాచ్‌లూ చేశారు కదండీ. రేపటి నుంచి దేంట్లో రాయమంటారు?" అంది.

"పడుకోవడానికి విడిగా ఏదైనా బ్యాచ్ ఉందామ్మా?"

"ఉందండీ, యోగనిద్ర. సాయంత్రం ఏడింటికి. కాకపోతే అందులో నిద్రపోకూడదు."