పాట పేరు కింద, బ్రాకెట్లలో

రాక్ అండ్ రోల్ చరిత్ర రాసేవారిలో 1954 జూలై 5 రాత్రి దగ్గర ఆగనివారు అరుదు. మెంఫిస్ నగరంలో యూనియన్ అవెన్యూ మీద 706 నంబరు భవనంలోని చిన్న స్టూడియోలో, అంతవరకూ పాడినవేవీ అతకక అందరూ అలసిపోయిన వేళ, పంతొమ్మిదేళ్ల ఎల్విస్ ప్రెస్లీ గిటారు మీటుతూ ‘దట్స్ ఆల్ రైట్’ అనే ఒక పాత బ్లూస్ (అమెరికా నల్లజాతివారి సంగీతం) పాటను హుషారుగా అందుకున్నాడు. బాస్ వాయించే బిల్ బ్లాక్, గిటారిస్టు స్కాటీ మూర్ అతనితో కలిశారు. యజమాని శామ్ ఫిలిప్స్ మళ్లీ మొదటినుంచి వాయించమని చెప్పి రికార్డు చేశాడు. ఈ కథ నాకూ ఇష్టమే. అయితే ఆ రాత్రి పుట్టిన రికార్డును చేతిలోకి తీసుకుని, నడుమ అంటించిన గుండ్రటి పసుపు లేబుల్‌ను చదివితే, పాట పేరు కింద బ్రాకెట్లలో ఎల్విస్ పేరు ఉండదు. ఆర్థర్ క్రూడప్ అనే పేరు ఉంటుంది. మిసిసిపీలో పుట్టి, కూలిపని చేసుకుంటూ పాడిన ఈ నల్లజాతి గాయకుడు అదే పాటను 1946లోనే షికాగోలో రికార్డు చేశాడు.

రాక్ అండ్ రోల్‌లోని గొప్ప ఘట్టాలను వేదిక మీది వెలుగులో కంటే ఆ బ్రాకెట్లలో చదివితేనే బాగా అర్థమవుతాయని నా అభిప్రాయం. దానికి కారణం అమెరికా చట్టంలోనే ఉంది. 1909 నాటి కాపీరైట్ చట్టం ప్రకారం, ఒక పాట ఒకసారి రికార్డుగా వెలువడ్డాక దాన్ని ఎవరైనా మళ్లీ పాడి అమ్ముకోవచ్చు. తయారైన ప్రతి రికార్డుకూ పాట హక్కుదారుకు 2 సెంట్లు చెల్లిస్తే చాలు. ఆ రేటు 1978 వరకూ మారలేదు. రేడియోలో పాట వచ్చిన ప్రతిసారీ రాసినవారికీ, ఆ పాట హక్కులు చూసే పబ్లిషింగ్ కంపెనీకీ డబ్బు చేరుతుంది. పాడినవారికి మాత్రం అమెరికాలోని మామూలు రేడియో స్టేషన్లు నేటికీ ఏమీ చెల్లించనవసరం లేదు. రికార్డయిన గొంతుకు సమాఖ్య చట్టపు రక్షణ 1972లో గానీ రాలేదు. అంతకుముందు గాయకుడి రాబడి రికార్డు కంపెనీ ఒప్పందంలో ఎంత రాస్తే అంతే. పొలం దున్నినవాడిది కాక, పట్టా ఎవరి పేర ఉంటే వారిదైనట్టు, పాట కూడా బ్రాకెట్లలో పేరున్నవారి ఆస్తి అయింది.

ఇది అందరికంటే ముందు బాగా గ్రహించినవారు సంగీతకారులు కారు, వారి చుట్టూ ఉన్న వ్యాపారులు. సెయింట్ లూయిస్ నుంచి షికాగో వచ్చిన చక్ బెర్రీ, బ్లూస్ గాయకుడు మడ్డీ వాటర్స్ ఇచ్చిన సలహాతో చెస్ రికార్డ్స్ యజమాని లెనార్డ్ చెస్‌ను కలిశాడు. 1955 మేలో తన మొదటి పాట ‘మేబెలీన్’ను రికార్డు చేశాడు. పల్లెటూరి ఫిడేలు బాణీ మీద కార్ల పందెం కథ అల్లి, గిటారును రెండో గొంతులా పలికించిన ఆ పాట నల్లజాతి శ్రోతల రిథమ్ అండ్ బ్లూస్ జాబితాలో మొదటి స్థానానికీ, తెల్లవారి శ్రోతలు ఎక్కువగా ఉండే పాప్ జాబితాలో అయిదో స్థానానికీ చేరింది. దాని బ్రాకెట్లలో మాత్రం బెర్రీతో పాటు మరో ఇద్దరి పేర్లు ఉన్నాయి. ఒకరు అలాన్ ఫ్రీడ్, న్యూయార్క్‌లో అప్పటికి అత్యంత పలుకుబడి ఉన్న రేడియో వ్యాఖ్యాత. మరొకరు రస్ ఫ్రాటో, చెస్‌లతో లావాదేవీలున్న వ్యాపారి. పాటలో ఒక్క అక్షరం గానీ ఒక్క స్వరం గానీ వారిది కాదు. పంపకం జరిగిన సంగతి తనకు రికార్డు విడుదలయ్యాకనే తెలిసిందని బెర్రీ తర్వాత చెప్పాడు.

ఈ ఏర్పాటులోని తెలివి గమనించదగినది. రేడియో వ్యాఖ్యాతకు ఒకసారి లంచమిస్తే ఒక వారం పాట వేస్తాడు. అదే పాటలో వాటా ఇస్తే, వేసిన ప్రతిసారీ, అమ్ముడైన ప్రతి రికార్డు మీదా తనకే డబ్బు వస్తుంది కనుక ఎవరూ అడగకుండానే వేస్తూ ఉంటాడు. కంపెనీ జేబులోంచి ఒక్క డాలరూ కదలదు. ఖర్చంతా పాట కట్టినవాడి వాటాలోంచే.

అలా అని ఫ్రీడ్‌ను కేవలం దోపిడీదారుగా చూపితే చరిత్రకు అన్యాయం జరుగుతుంది. నల్లజాతి సంగీతాన్ని తెల్ల యువతకు రాత్రిపూట రేడియోలో వినిపించి, దానికి ‘రాక్ అండ్ రోల్’ అన్న పేరును జనంలోకి తెచ్చినవాడు ఆయనే. 1952 మార్చి 21న క్లీవ్‌లాండ్ అరీనాలో ఆయన తలపెట్టిన ‘మూన్‌డాగ్ కారొనేషన్ బాల్’కు, దాదాపు పదివేల మంది పట్టే ప్రాంగణం మీదికి దానికి రెట్టింపు జనం వచ్చి తలుపులు విరగ్గొట్టారు. మొదలైన కాసేపటికే పోలీసులు ఆపించిన ఆ సభనే చాలామంది తొలి రాక్ కచేరీగా లెక్కిస్తారు. లిటిల్ రిచర్డ్ పాటలను ప్యాట్ బూన్ వంటి తెల్ల గాయకులు మెత్తగా చేసి పాడిన రికార్డులను పక్కనపెట్టి, మూలగాయకుల రికార్డులనే వేస్తానని పట్టుబట్టిన వ్యాఖ్యాత కూడా ఆయనే. తలుపు తీసిన చెయ్యే జేబులోకీ వెళ్లింది. ఈ రెండింటిలో దేన్ని దాచినా ఆ కాలం అర్థం కాదు. 1959 చివర్లో ముడుపుల వ్యవహారం బయటపడి ఆయన ఉద్యోగం పోయింది. 1962లో నేరం ఒప్పుకుని 300 డాలర్ల జరిమానా కట్టాడు. 1965లో, 43 ఏళ్ల వయసులో చనిపోయాడు.

పేరు పంచుకోవడం ఎల్విస్ చుట్టూ కూడా సాగింది. 1956లో ఆయన పాడి పేరుపొందిన ‘డోంట్ బీ క్రుయెల్’ ఓటిస్ బ్లాక్‌వెల్ కట్టినది. అయినా ఎల్విస్ పాడాలంటే పాటకర్తగా సగం పేరు ఎల్విస్‌కే ఇవ్వాల్సి వచ్చింది.

బిగ్ మామా థార్న్‌టన్ సంగతి ఇంకొక రకం, నా మటుకు మరింత బాధాకరం. ‘హౌండ్ డాగ్’ను 1952 ఆగస్టులో లాస్ ఏంజలెస్‌లో మొదట పాడింది ఆమె. రాసినవారు జెర్రీ లీబర్, మైక్ స్టోలర్, అప్పటికి ఇద్దరూ పంతొమ్మిదేళ్ల కుర్రాళ్లే. ఆమె పాట 1953లో ఏడు వారాల పాటు రిథమ్ అండ్ బ్లూస్ జాబితాలో మొదటి స్థానంలో నిలిచింది. ఆమె చేతికి వచ్చినది సుమారు 500 డాలర్లు. మూడేళ్ల తర్వాత అదే పాటను ఎల్విస్ వేరే పద్ధతిలో పాడితే ప్రపంచమంతా మోగింది. ఇక్కడ ఆమె నష్టానికి కారణం బ్రాకెట్లలోని దొంగపేరు కాదు. కానీ ఆ పాటకు గొంతులోని గరుకునూ, గుర్రునూ, నిర్లక్ష్యాన్నీ ఇచ్చి ప్రాణం పోసిన మనిషి పనికి ఆ చట్టంలో పేరే లేదు. రాతలో ఉన్నదే సృష్టి, గొంతులో ఉన్నది కూలి అని చట్టం నిర్ణయించింది. బ్లూస్ వంటి సంగీతానికి ఆ కొలత ఎప్పటికీ సరిపోదు.

దీనికి ఒక జవాబు తరచుగా వింటాం. బ్లూస్‌లో అందరూ అందరి దగ్గరా తీసుకున్నారు, బెర్రీ కూడా పాత ఫిడేలు బాణీ మీదే కట్టాడు, ఇక దొంగతనం ఎక్కడిదని. పాటగాళ్ల మధ్య ఇచ్చిపుచ్చుకోవడం ఆ సంగీతానికి ఊపిరి, అందులో నాకు సందేహం లేదు. ఎల్విస్ కూడా 1956లో ఒక విలేకరితో, టుపెలోలో చిన్నప్పుడు క్రూడప్ పాటలు వినేవాడినని, ఆయన అనుభూతిని తానూ అందుకోవాలనుకున్నానని గౌరవంతోనే చెప్పాడు. బాణీ చేతులు మారడం వేరు, వాయిద్యం ముట్టని మనిషి పేరు పత్రాల మీదికి ఎక్కడం వేరు. మొదటిదాన్ని చూపించి రెండోదాన్ని సమర్థించడం న్యాయం కాదు.

అందుకే ఈ చరిత్రలో నేను వేరే తేదీలను కూడా గుర్తుపెట్టుకుంటాను. 1986లో న్యూయార్క్‌లో రాక్ అండ్ రోల్ హాల్ ఆఫ్ ఫేమ్ తన తొలి సభ్యులను ఎంపిక చేసినప్పుడు చక్ బెర్రీ వారిలో ఉన్నాడు. ఫ్రీడ్‌కూ అదే ఏడు ఆ గౌరవం దక్కింది. ‘మేబెలీన్’ పూర్తి హక్కు బెర్రీ ఒక్కడి పేరుకు తిరిగివచ్చినదీ ఆ ఏడే. అంటే 31 ఏళ్లు పట్టింది. 1987లో, తాను కట్టి మడ్డీ వాటర్స్ పాడిన పాటలోని మాటలను వాడుకున్నందుకు విల్లీ డిక్సన్ వేసిన దావాలో లెడ్ జెప్లిన్ బృందం రాజీకి వచ్చింది. వారి ‘హోల్ లాటా లవ్’ కింద ఇప్పుడు డిక్సన్ పేరు కూడా ఉంటుంది. 1988లో, ఒకప్పుడు తన పాటలతో అట్లాంటిక్ రికార్డ్స్‌ను నిలబెట్టి ఆ తర్వాత ఇళ్లలో పనిచేసి బతికిన రూత్ బ్రౌన్ పోరాట ఫలితంగా, ఆ సంస్థ పాత గాయకుల రాయల్టీ లెక్కలను తిరిగి చూడటానికి ఒప్పుకుంది. ఈ మూడూ ఏ కచేరీ కంటే తక్కువ ఘట్టాలని నేననుకోను.

ఇంత చెప్పాక కూడా నా వాదనకు పెద్ద చిక్కు క్రూడప్ కథే. ఆయన పేరు బ్రాకెట్లలో మొదటినుంచీ సరిగానే ఉంది. అయినా డబ్బు రాలేదు, ఎందుకంటే పాటల హక్కులు ఆయన మేనేజరు లెస్టర్ మెల్‌రోజ్ చేతిలో ఉండిపోయాయి. రాయల్టీలు అందడం లేదని తెలిసి క్రూడప్ 1950లలోనే రికార్డింగులు మానేసి, వర్జీనియాలో పొలం కూలీలతో కలిసి బతికాడు. చాలా ఏళ్లకు, డిక్ వాటర్‌మన్ అనే మేనేజరు చొరవతో, అప్పటికి ఆ హక్కులున్న పబ్లిషింగ్ కంపెనీతో 60,000 డాలర్లకు ఒప్పందం కుదిరింది. క్రూడప్ తన పిల్లలతో న్యూయార్క్ వెళ్లి, పెట్టమన్న చోటల్లా సంతకాలు పెట్టాడు. కంపెనీ పెద్ద సంతకం కోసం కాగితాలు లోపలికి వెళ్లాయి. కోర్టుకు వెళ్తే ఇంత రాదు కనుక సంతకం పెట్టనన్నాడని కబురు బయటికి వచ్చింది. క్రూడప్ ఉత్త చేతులతో వర్జీనియాకు తిరిగివెళ్లి, 1974లో కన్నుమూశాడు. ఆయన కుటుంబానికి డబ్బు అందడం మొదలైంది ఆ తర్వాతే.